వదిన ఇచ్చిన పుస్తకం

"ఇదేనా ఆ పుస్తకం?"

అల్లుడు బల్ల మీద పడేసిన పుస్తకాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అడిగిన అత్తగారే తేలు పాకినట్టు కుర్చీ వెనక్కి జరుపుకుంది. ఆమె కొడుకు లిఫ్టు మెకానిక్కు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయల్దేరినవాడు గుమ్మంలోనే ఆగిపోయాడు. బల్ల కింద కూర్చున్న పాప మాత్రం తల బయటికి పెట్టి, అట్ట మీద బొమ్మ ఉందేమోనని చూసింది. లేదు. ఉత్త నీలం గుడ్డ అట్ట.

"మా ఆవిడ దిండు కింద దొరికింది," అన్నాడు అల్లుడు. "నిన్న పొద్దున పిల్ల లేవకముందే ఇల్లు విడిచి పోయింది. ఎక్కడికో చెప్పలేదు, ఎందుకో చెప్పలేదు. దీన్ని మాత్రం పెట్టి పోయింది. దీన్ని దానికెవరిచ్చారో నాకు తెలియాలి."

తెలియకపోవడానికేముంది? తల్లీకొడుకుల కళ్ళు ఒక్కసారే వంటింటి వైపు తిరిగాయి. అక్కడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ కోడలు నిలబడి ఉంది.

ఆ కోడలి సంగతి వీధి వీధంతా ఎరుగును. బైండింగు షాపులో కుట్టుపని ఆమెది. లైబ్రరీల నుంచి చిరిగి వచ్చిన పుస్తకాలకి కొత్త కుట్టు వేసి, కొత్త అట్ట తొడుగుతుంది. కుడుతూ కుడుతూ చదివేస్తుంది. చదివింది కడుపులో దాచుకోలేదు. మనిషి ఎదురైతే "బాగున్నారా?" అనదు, "ఇది చదివారా?" అంటుంది. అందుకని చాటుగా 'చదివారమ్మ' అని పేరు పెట్టారు. ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్ళి, నోరు తెరిచే ఉంచి డాక్టరుకి ఒక నవల మొత్తం చెప్పిందట. చివరికేమైందో తెలిసేదాకా ఆయన పన్ను పట్టుకుని వదల్లేదట. కరెంటు మీటరు చూడవచ్చినవాడికి మెట్ల మీద ఒక సముద్రం కథ చెబితే, ఆ మహానుభావుడు ఆ నెల వీధి వీధంతటికీ అలల లెక్క రాసుకుపోయాడట. బిల్లులు తడిసి వచ్చాయని ఇప్పటికీ చెప్పుకుంటారు.

నవ్వే రోజుల్లో అందరూ నవ్వారు. ఇవాళ ఆ గదిలో ఎవరి మొహానా నెత్తుటి చుక్క లేదు.

"నేనే ఇచ్చాను అన్నయ్యగారూ," అంది కోడలు. "మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు. బాగుందని ఇచ్చాను. అందరికీ ఇచ్చినట్టే ఇచ్చాను. అందులో నా ఉద్దేశం ఏమీ లేదు."

"ఉద్దేశం లేదా? రాత్రంతా కూర్చుని చదివానమ్మా నేను!"

అల్లుడిది మందుల షాపు. మాత్రల రేకుల మీది చిన్నక్షరాలు తప్ప ఆయన జన్మకి ఇంకేమీ చదివి ఎరగడు. అలాంటివాడు నిద్ర లేక ఎర్రబడిన కళ్ళతో పుస్తకం వైపు వేలు చూపించాడు.

"అందులోనూ ఒక ఆడమనిషి. మొగుడు కొట్టడు, తిట్టడు. మాట్లాడడు, అంతే. ఆ మాత్రానికే ఆ మహాతల్లి నిద్రపోతున్న పిల్లని వదిలేసి రైలెక్కుతుంది. మా ఇంట్లో జరిగిందీ అదేగా? అక్షరం పొల్లు పోకుండా!"

మాట్లాడడు, అంతే. ఆ మాట అన్నవాడికి బరువు తెలియలేదు గానీ, విన్నవాళ్ళకి తెలిసింది. ఆయనకి కోపం వస్తే నోరు మూతపడుతుంది. పూటో రోజో కాదు, నెలల తరబడి. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల మాటలన్నీ పాప నోటి మీదుగానే నడిచేవి. "నాన్నకి అన్నం వడ్డించానని చెప్పు." "అమ్మకి ఆకలి లేదని చెప్పు." ఆ గదికీ ఈ గదికీ తిరిగి తిరిగి పాప పేరు బొంగరం అయింది. తల్లి పేరు పిచ్చుక. పుట్టింట్లో ఒక్క క్షణం నోరు మూసేది కాదని పెట్టిన ముద్దుపేరు. పెళ్ళయ్యాక ఆ పేరు పిలవడానికే ఎబ్బెట్టుగా ఉండేది.

"పిల్లని మా అక్క ఊరు తీసుకెళ్తున్నాను," అన్నాడు అల్లుడు, కాళ్ళ దగ్గరున్న సంచిని తడుముకుంటూ. "సాయంత్రం బస్సు. ఇక అక్కడే పెరుగుతుంది. ఈలోపల వాళ్ళమ్మ వచ్చి బుద్ధిగా ఇంటికి నడిచిందా, సరేసరి. లేదా, పిల్లకి తల్లీ లేదు, తల్లి వైపు చుట్టాలూ లేరు. దీని మొహం మళ్ళీ ఎవరూ చూడరు."

"బాబూ, బాబూ, అంతమాట అనకండి," అని అత్తగారు చేతులు జోడించింది. జోడించిన చేతులతోనే కోడలి వైపు తిరిగింది. "చల్లగా ఉందా ఇప్పుడు? పక్కింటావిడకి వంటల పుస్తకం ఇచ్చావు, ఊరుకున్నాను. మీటరువాడికి సముద్రం ఇచ్చావు, ఊరుకున్నాను. నా కూతురికి రైలు ఇచ్చావు కదే!"

కోడలు ఆ మాట వినిపించుకోలేదు. ఆమెకి 'అక్షరం పొల్లు పోకుండా' అన్న మాట పంటి కింద రాయిలా తగిలింది.

"చివర చదివారా అన్నయ్యగారూ?"

"చదివానన్నాగా."

"మరి రైలెక్కడం చివర కాదు కదా! ఆవిడ తిరిగొస్తుంది. బడి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడుతుంది. పిల్ల చెయ్యి పట్టుకుని తనతో తీసుకెళ్తుంది. అదీ చివర."

"ఎవరికి చెబుతావు? 'రైలు కదిలింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.' ఇంతే. ఆ తర్వాత అట్ట."

కోడలు పుస్తకం అందుకుంది. కళ్ళకన్నా ముందు వేళ్ళకి తెలిసింది. పుస్తకం వీపు పల్చగా ఉంది.

పుస్తకమంటే ఫారాల దొంతర. పదహారేసి పేజీల మడత ఒక్కో ఫారం. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి కుడతారు. పాత పుస్తకంలో ముందుగా చెడేది చివరి ఫారం. ఊడిన వెనకట్ట దాన్నే లాక్కుపోతుంది. అందుకని ఆమె పనిచేసే షాపులో చివరి ఫారాన్ని ముందే విప్పేసి, మడతలకి పల్చటి కాగితం అంటించి, బరువు చెక్కల కింద ఆరబెడతారు. ఆరాక తెచ్చి కుట్టులో కలుపుతారు. కోడలు ఆ కథని విడి ఫారాలుగానే చదివింది. కథ మొత్తం తన తలలో ఉంది గనక పుస్తకంలోనూ ఉందనుకుంది. ఆడపడుచుని చూడబోతూ, చేతిలో ఉన్న కథని ఇవ్వకుండా ఉండలేక, కుట్టిన వాటికి అట్ట తగిలించి పట్టుకుపోయింది. చివరి ఫారం చెక్కల కిందే ఉండిపోయింది.

పైగా మిగిలిన పేజీలో వాక్యం ముగిసి చుక్క కూడా పడింది. ఎంతటివాడైనా కథ అయిపోయిందనే అనుకుంటాడు.

"చివరిదాకా చదువు పిచ్చుకా," అని చెప్పి మరీ ఇచ్చింది తను. "చివర్లో నీకు ఏడుపు ఆగదు చూడు."

పిచ్చుక చివరిదాకానే చదివింది.

*

"ఏం చేశావు నువ్వు?"

కోడలి మొగుడు వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. నిన్నటి నుంచి రైల్వే స్టేషను, ఆసుపత్రులు, చెల్లెలి పాత స్నేహితుల ఇళ్ళు తిరిగి తిరిగి మనిషి పీక్కుపోయాడు. ముందు గదిలో అల్లుడు కుర్చీకి అతుక్కుపోయి ఉన్నాడు. పాపని బల్ల కింద నుంచి లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

"చివరి ఫారం షాపులో ఉండిపోయిందండీ."

"ఫారమా! చెల్లెలు బతికుందో లేదో తెలియక నేను చస్తుంటే, ఫారం అంటావా?"

"అది ఉంటే పాపని వదిలి వెళ్ళేది కాదు."

"అంటే వెళ్ళడం వెళ్ళేదే. పాపతో వెళ్ళేది. అదేనా నువ్వనేది?"

కోడలు పొయ్యి మీద లేని గిన్నె కోసం చెయ్యి చాపింది.

"నిజం చెప్పు. వెళ్ళమనే ఇచ్చావా?"

"లేదు. మీ మీద ఒట్టు. బాగుందని ఇచ్చాను."

"అయితే ఆ మాట మీదే ఉండు. చచ్చినా మార్చకు. కావాలని ఇచ్చావని తేలిందా, అమ్మ నిన్నీ ఇంట్లో ఉండనివ్వదు. నేను అడ్డం రాలేను. రాను కూడా. అది నా చెల్లెలు."

కోపంగా అన్నా బాగుండేది. బతిమాలుతున్నట్టు అన్నాడు.

కోడలు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంది. "షాపుకి వెళ్ళొస్తాను."

"వెళ్ళు తల్లీ, వెళ్ళు," అంది అత్తగారు ముందు గదిలోంచి. "ఇంకా ఎన్ని కాపరాలు కుట్లు విప్పాలో!"

*

షాపులో మేస్త్రి కటింగు మిషను ముందు నిలబడి అంచులు కోస్తున్నాడు. కోసినకొద్దీ పల్చటి కాగితపు పీలికలు ఆయన కాళ్ళ చుట్టూ గుట్ట పడుతున్నాయి. కోడలు సరాసరి బరువు చెక్కల దగ్గరికి వెళ్ళి పైచెక్క ఎత్తింది. కింద ఏమీ లేదు.

"అక్కడ కాదు," అన్నాడు మేస్త్రి తల ఎత్తకుండా. "నీ స్టూలు మీద చూడు."

చివరి ఫారం అక్కడుంది. ఆరిపోయి, మధ్యకి తెరుచుకుని.

"బాబాయ్, దీన్నెవరు తీశారు?"

మేస్త్రి మిషను ఆపాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన అంత పని పెట్టుకుంటే వినేవాళ్ళకి మంచి జరగదని ఆ షాపులో సామెత.

"నిన్న నువ్వు పనిలోకి రాలేదు కదా, అప్పుడు మీ ఆడపడుచు వచ్చిందమ్మా. స్టేషను దాకా వెళ్ళి రైలెక్కలేక వచ్చిందట. 'మా వదిన చివర్లో ఏడుపు ఆగదంది బాబాయ్. నాకు ఏడుపు రాలేదు. ఇంకా ఏదో ఉండాలి కదా' అంది. నాకు వెంటనే వెలిగింది. ఫారం తీసి ఇచ్చాను. అదిగో, నీ స్టూలు మీదే కూర్చుని చదివింది."

"ఏడ్చిందా?"

"నవ్వింది. 'ఇది రాసినవాడు ఒక్కరోజు కూడా పిల్లని పెంచలేదు బాబాయ్' అంది. 'గేటు దగ్గర చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోతుందట. ఎక్కడికి? ఆ రాత్రి పిల్ల ఎక్కడ పడుకుంటుంది? అది రాయలేదే!' అంది. నేనేం చెబుతాను? నేను అట్టలు వేసేవాణ్ణి."

కోడలు ఫారం చేతిలోకి తీసుకుంది. ఆ చివరి పేజీలకి తను ఎంత ఏడ్చింది! జిగురు చెయ్యి కళ్ళకి తగిలి మంటెత్తితే, ఆ మంటని కూడా కథ గొప్పతనంలో కలిపేసుకుంది. ఆ రాత్రి పిల్ల ఎక్కడ పడుకుంటుందన్న ప్రశ్న తనకి తోచనైనా లేదు.

"ఆ తర్వాత అడిగింది," అన్నాడు మేస్త్రి. "'మా వదిన నాకే ఎందుకిచ్చింది బాబాయ్ ఈ పుస్తకం?' అని."

"మీరేమన్నారు?"

"ఉన్నమాటే అన్నాను. తమాషాకే అన్నానమ్మా. 'మీ వదిన అందరికీ ఇస్తుంది తల్లీ, మీటరువాడిక్కూడా ఇచ్చింది' అన్నాను." ఆయన చూపు దించుకున్నాడు. "అప్పుడు ఏడ్చింది."

కోడలు కోసిన కాగితాల గుట్ట తొక్కుకుంటూ ఆయన ముందుకొచ్చింది.

"ఎటు వెళ్ళింది?"

మేస్త్రి మళ్ళీ కళ్ళజోడు తీశాడు. చెప్పనని ఒట్టు వేసినట్టున్నాడు. ఒట్టు నోటికే గదా, గడ్డానికి లేదు. గడ్డంతో వెనకగది వైపు చూపించాడు.

*

కాగితం రీములు కప్పుదాకా పేర్చిన గది అది. వాటి మధ్య ఒకే ఒక మనిషి పట్టే సందులో పిచ్చుక మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. రాత్రి మేస్త్రి ఇంట్లో ఆయన భార్య పక్కన పడుకుందట. పొద్దున బడి దాకా వెళ్ళి, పాప రాలేదని తెలిసి, వెనక్కి వచ్చి ఇక్కడ కూర్చుంది.

వదినని చూసి లేవలేదు.

"ఎందుకిచ్చావు వదినా?"

"పిచ్చుకా, ముందు లే. ఇంటి దగ్గర..."

"ముందు చెప్పు. నేనేమనుకున్నానో తెలుసా? నువ్వు నోటితో చెప్పలేక పుస్తకంతో చెప్పావనుకున్నాను. మా ఇంట్లో ఎవరి నోటి మాటా నేరుగా రాదు కదా, నాకు అలా వినడమే అలవాటైపోయింది. 'వెళ్ళు, వెనకాల నేనున్నాను' అన్నావనుకున్నాను. ఆ ధైర్యంతోనే గడప దాటాను. స్టేషన్లో కూర్చుని మా వదిన ఉంది, మా వదిన ఉంది అనుకున్నాను." పిచ్చుక తల ఎత్తింది. "మీటరువాడూ నేనూ ఒకటేనా వదినా నీకు?"

కోడలికి నోట మాట రాలేదు. జీవితంలో మొదటిసారి రాలేదంటే వీధిలో ఎవరూ నమ్మరు.

నిజమేదో ఆమెకే తెలియలేదు. ఆ రోజు ఆ ఇంట్లో కూర్చుని ఉండగా బొంగరం వచ్చి, "అమ్మా, అత్తకి టీ ఇమ్మని నాన్న చెప్పమన్నాడు," అంది. ఆయన పక్కగదిలోనే ఉన్నాడు. తల్లి లేచి, "ఇస్తున్నానని చెప్పు," అంది. అప్పుడే తన చెయ్యి సంచిలోకి వెళ్ళింది. సంచిలో ఇంకా రెండు పుస్తకాలున్నాయి. ఒకటి నవ్వు కథలు, ఇంకోటి దొంగల కథ. చెయ్యి వాటిని పక్కకి నెట్టి, అట్ట సరిగ్గా తగలని ఈ పుస్తకాన్నే ఎందుకు వెతికి తీసింది?

"సాయంత్రం బస్సుకి పాపని తీసుకెళ్ళిపోతున్నారు," అంది చివరికి. "మీ ఆడపడుచు ఊరికి. ఇక ఇవ్వరట."

పిచ్చుక లేచిన వేగానికి రీముల వరస కదిలింది.

"నేను వెళ్తే ఇస్తాడా?"

"నువ్వు ఆ ఇంటికి తిరిగి వెళ్తే."

"ఆ ఇంటికి వెళ్ళను. నా పిల్ల ఇంకో మాట మోస్తే చచ్చిపోతుంది వదినా. నిద్రలో కూడా 'చెప్తా, చెప్తా' అంటోంది." ఆమె వదిన మోచెయ్యి పట్టుకుంది. "పిల్లని తీసుకుని మీ ఇంట్లో ఉంటాను. పని వెతుక్కునేదాకా. ఉండనిస్తారా?"

"మీ అమ్మ..."

"అమ్మ మాట కాదు. అన్నయ్య మాట కాదు. పుస్తకంలో మాట అసలే కాదు. నువ్వేమంటావు?"

మొగుడు వంటింట్లో అన్న మాట కోడలి చెవిలో ఇంకా చల్లారలేదు. ఇది ఒప్పుకుంటే తనకే ఆ ఇంట్లో చాప ఉండదు. ఇంకొకరికి ఏం పరుస్తుంది?

"పద," అంది.

*

వాళ్ళు మెట్లెక్కేసరికి తలుపు తెరిచే ఉంది. అల్లుడు పాపని భుజానికెత్తుకుని, సంచి చేత్తో పట్టుకుని గుమ్మానికి రెండడుగుల లోపల నిలబడి ఉన్నాడు. అత్తగారు అడ్డం పడి బతిమాలుతోంది. కోడలి మొగుడు గోడకి ఆనుకుని ఉన్నాడు.

గడప దాటి లోపలికి వచ్చిన పిచ్చుకని చూడగానే అందరూ రాళ్ళయిపోయారు. పాప మాత్రం "అమ్మా!" అని రెండు చేతులూ చాపింది. తండ్రి చెయ్యి బిగిసింది.

ఆయన భార్య వైపు చూడలేదు. పాప చెవి దగ్గర అన్నాడు. "ఇంటికి వస్తుందేమో మీ అమ్మని అడుగు."

పాప నోరు తెరిచింది. "అమ్మా, నాన్న..."

"నువ్వూరుకో తల్లీ," అంది పిచ్చుక. "నన్నే అడగండి. నేనిక్కడే ఉన్నాను."

ఆయన అడగలేదు. కోడలి వైపు తిరిగాడు. గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది.

"చూడు చెల్లెమ్మా. పొద్దున నువ్వే అన్నావు, ఉద్దేశం ఏమీ లేదని. ఆ మాట ఇప్పుడు దీని మొహం మీద చెప్పు. ఏదో పుస్తకం చదివి, పిచ్చి పట్టి గడప దాటానని అది ఒప్పుకుంటే చాలు. ఇంతటితో మర్చిపోతాను. ఇంటికి తీసుకెళ్ళిపోతాను. నీ మీద కూడా నింద ఉండదు."

దారి నున్నగా పరిచి పెట్టాడు. అడుగు వేస్తే చాలు. మొగుడు గోడ దగ్గర నుంచి కళ్ళతోనే వెయ్యి దండాలు పెడుతున్నాడు. అను, ఆ ఒక్క మాటా అనెయ్యి.

పిచ్చుక ఆమె వైపు చూడలేదు. నేల వైపు చూస్తోంది. ఆ మాటే వస్తుందని ముందే తెలిసినదానిలా.

"ఉద్దేశం ఉంది," అంది కోడలు.

"ఏమిటీ?"

"వెళ్ళమనే ఇచ్చాను అన్నయ్యగారూ. నోటితో చెప్పే దమ్ము లేక పుస్తకం ఇచ్చాను. పిల్లని కూడా తీసుకెళ్ళమని చెప్పే భాగం షాపులో మర్చిపోయాను. నా తప్పు అదొక్కటే. ఇప్పుడు నోటితోనే చెబుతున్నాను. పాపనివ్వండి."

మొగుడు గోడ వదిలి ముందుకొచ్చాడు.

"నువ్వు..." అన్నాడు మొగుడు. ఇంకేదో అనబోయి, అది కాక, "బయటికి నడు," అన్నాడు. "నా మీద ఒట్టు పెట్టి అబద్ధం చెప్పావు. నడు."

అత్తగారు కదిలింది. అంతసేపూ బతిమాలి బతిమాలి బొంగురుపోయిన మనిషి, ఎక్కడి బలమో, కోడలి రెక్క ఒక చేత్తో, కూతురి రెక్క ఒక చేత్తో పట్టుకుంది. "పొండి! ఇద్దరూ పొండి!" అంటూ గుమ్మం అవతలికి ఒక్క తోపు తోసింది. ఇద్దరూ మెట్ల గోడకి తగిలి నిలదొక్కుకున్నారు. వెనక తలుపు ధడాలున మూసుకుంది. గడియ పడింది.

పిచ్చుక తలుపు మీద చేతులు ఆనించింది. "అమ్మా, పాప లోపలుంది. అమ్మా!"

"తలుపు తియ్యండి అత్తయ్యగారూ." లోపలి నుంచి అల్లుడి గొంతు. "బస్సుకి వేళవుతోంది. తప్పుకోండి."

"తియ్యను," అంది అత్తగారు.

బయట ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అమ్మా, అడ్డం లే," అన్నాడు కొడుకు.

"నువ్వు నోర్ముయ్యి. నీ పెళ్ళాం సంగతి నేను తర్వాత చూస్తాను. దాన్ని వదుల్తాననుకోకు." తలుపు చెక్కకి వీపు ఆనించి నిలబడినట్టుంది, మాట చెక్కలోంచే వస్తోంది. "బాబూ, మీరు పెద్దవారు, అల్లుడుగారు. వెళ్ళాలంటే వెళ్ళండి, ఎప్పుడంటే అప్పుడు తలుపు తీస్తాను. పిల్లని కింద దించండి. దించాకే తీస్తాను."

పిచ్చుక తలుపుకి చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి, రెండు చిన్న పాదాలు నేలకి తగిలే చప్పుడు కోసం వింటూ నిలబడింది.